మూడో చెయ్యి

"మా అమ్మ మీద ఒట్టు! నాకు తెలియదంటే తెలియదు!"

గడ్డం గీసుకుంటున్నవాడు గీసుకుంటున్నట్టే హాల్లోకి వచ్చి ఆ మాట అన్నాడు అచ్చులాయన. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద నురగ ఇంకా ఆరలేదు. అలా సగం గడ్డంతో వచ్చి ఒట్టు పెట్టేవాణ్ణి ఎవరైనా నమ్ముతారు. అబద్ధమాడేవాడైతే కాస్త తయారై వచ్చేవాడు కదా!

బావమరిది మాత్రం నమ్మలేదు. పొద్దున్నే వచ్చి సోఫా అంచు మీద కూర్చున్నవాడు ఇప్పటికీ వెనక్కి వాలలేదు. పక్కనే బావమరిది భార్య హాయిగా వాలి కూర్చుని, గోడకున్న ఫొటోలన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

"అచ్చు ఉంది, మిషనుంది, కార్ఖానా గుమ్మంలో లారీ ఉంది. పిన్నులు మాత్రం లేవు. వాటికేమన్నా కాళ్ళొచ్చాయా బావగారూ?"

"లారీ తెచ్చింది మీరు. మీ లారీవాళ్ళనే అడగండి బావగారూ."

ఆ ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకుంటారు. చివర 'గారు' తగిలిందంటే ఇల్లు అంటుకుందన్నమాటే. కొత్త షెడ్డు మాట మొదలైన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో 'గారు' తప్ప వినబడటం లేదు.

చిట్టి వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఒకడు తోడబుట్టినవాడు. ఒకడు కట్టుకున్నవాడు. నలభై దాటాక కూడా అన్నయ్యకు ఆమె చిట్టే. కార్ఖానాలో పనివాళ్ళకు 'అమ్మాయిగారు'. భర్తకు మాత్రం ఈ మధ్య ఆమె ఏమిటో ఆమెకే తెలియడం లేదు.

పిన్నులంటే చీర కుచ్చిళ్ళకు పెట్టుకునేవి కావు. వాళ్ళ కార్ఖానాలో మందుసీసాలకు ప్లాస్టిక్ మూతలు చేస్తారు. మూత అచ్చుకు రెండు సగాలు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి వెంట్రుక వాసి తేడా లేకుండా కూర్చోవాలంటే నాలుగు మూలలా నాలుగు ఉక్కు పిన్నులుండాలి. అవి లేకుండా మిషను తిప్పితే మూత పక్కకు జరుగుతుంది, మందు కారుతుంది. అన్నీ కలిపినా చిటికెన వేలంత లేవు గానీ, అవి లేకపోతే కార్ఖానా మొత్తం ఇనప సామాను. పోనీ బజార్లో కొనుక్కుందామా అంటే ఆ కొలతవి బజార్లో దొరకవు. అచ్చులాయన తన కొలతకు తానే చేసుకున్నాడు. అలా ఎందుకు చేశావని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

"రెండు రోజులుగా మిషను ఆగిపోయింది," అన్నాడు అన్నయ్య. "సిరప్పు కంపెనీవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఈ శనివారం మూతలు అందకపోతే ఇంకోళ్ళను చూసుకుంటారట. వాళ్ళు పోతే మనకు మిగిలేది ఆ రేకుల షెడ్డే."

"అయితే లారీని పంపేయండి. పాత షెడ్డులోనే మిషను తిప్పుదాం."

"పిన్నులు లేకుండానా?"

అచ్చులాయన చేతిలో రేజరును తిప్పి చూసుకున్నాడు. చిట్టి ఆ క్షణం భర్త మొహం చూసింది. 

"ఇవాళ కార్ఖానాలో బల్ల దగ్గర కూర్చుందాం," అన్నాడు అన్నయ్య లేస్తూ. "చేతులెత్తుదాం. కొత్త షెడ్డుకు పోవాలా వద్దా తేలిపోతుంది. బల్ల దగ్గర తేలినదానికి ఎవరైనా సరే కట్టుబడాల్సిందే. నాన్న పెట్టిన పద్ధతి అది. పిన్నులు దొరక్కపోతే బావగారు కొత్తవి చేస్తారు. అది ఆయన పని." తర్వాత చెల్లెలి వైపు తిరిగి గొంతు మెత్తగా చేసుకున్నాడు. "నీ చెయ్యి మన వైపేగా చిట్టీ?"

"మన అంటే ఎవరెవరు?" అన్నాడు అచ్చులాయన.



పెద్దాయన, అంటే వీళ్ళ నాన్న, పోయేముందు కార్ఖానాను కొడుక్కీ అల్లుడికీ చెరిసగం ఇవ్వలేదు. ఇద్దరికీ సమానంగా పంచి, మధ్యలో కూతురికి చిన్న ముక్క పెట్టాడు. వాటాలు ఎన్నైనా చేతులు మూడే అన్నాడు. ఏ రెండు చేతులు లేస్తే అదే మాట. ఇద్దరే ఉంటే తాడు తెగేదాకా లాక్కుంటారని ఆయన భయం. మూడో చెయ్యి ఉంటే ఇద్దరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారని ఆశ. బాగానే ఉంది. కానీ ఆ మూడో చేతికి కొంగు చాటున ఉండటం అలవాటైపోతే ఏం చెయ్యాలో ఆ మహానుభావుడు చెప్పలేదు.

ఇన్నేళ్ళుగా అన్నయ్య ఫోన్ చేసేవాడు. 'చిట్టీ, కొత్త మిషను కొంటున్నాం, సరేనా?' ఆమె పొయ్యి మీద పాలు చూసుకుంటూ 'నీ ఇష్టం అన్నయ్యా' అనేది. చెయ్యి లేచినట్టే లెక్క. కొత్త షెడ్డుకు స్థలం కొన్నదీ అలాగే. ఆ రోజు పాలు పొంగిపోయాయి కూడా.

చెప్పులు తొడుక్కుంటూ వదిన అంది: "ఏమైనా మా స్థలంలోకి వచ్చాక ఈ గొడవలుండవు అమ్మాయ్. గేటుకు మనిషిని పెడతాను. వస్తువులు ఇలా మాయమైపోవడాలు అక్కడ కుదరవు."

"మీ స్థలమా?" అంది చిట్టి. "అది కార్ఖానా స్థలం కదా వదినా?"

వదిన రెండో చెప్పు తొడుక్కోవడం ఆపేసింది.

"అదే, రిజిస్ట్రేషన్‌కు ఎవరిదో ఒక పేరుండాలి కదా," అన్నాడు అన్నయ్య. "మీ వదిన పేరున పెట్టాం. పేరులో ఏముంది చిట్టీ?"

"ఏమీ లేకపోతే నా పేరున పెట్టలేకపోయావా?"

"అంతా ఇంట్లోవాళ్ళమే. నీ పేరైతే ఏంటి, దాని పేరైతే ఏంటి!"

"కొన్నది కార్ఖానా డబ్బుతో కాదూ?"

సొమ్మొకరిది సోకొకరిది అనే సామెత ఎవరూ అనలేదు గానీ అందరికీ గుర్తొచ్చింది. అన్నయ్య గడియారం చూసుకున్నాడు. వదిన గబగబా చెప్పు తొడుక్కుంది. "బల్ల దగ్గర కలుద్దాం" అన్న మాట మెట్ల మీంచి వినిపించింది.

అచ్చులాయన మిగిలిన చెంప గీసుకోవడానికి వెళ్ళిపోయాడు. 'చూశావా' అని కూడా అనలేదు. అంటే బాగుండేదేమో. అతనికి ఈ సంగతి ముందే తెలుసన్నమాట!

చిట్టి వంటింట్లోకి వచ్చి స్టవ్ ముందు నిలబడింది.  టీ పెట్టుకుందామనుకుంటే పంచదార డబ్బా ఖాళీ. పై అరలో దాచిపెట్టిన పొట్లం కోసం ఎత్తుపీట వేసుకుని ఎక్కింది. అక్కడ పాత పిండి డబ్బా ఉంది. అది వాడి చాలా కాలమైంది. దాని మూత మీద నల్లటి వేలిముద్ర ఉంది.

ఇంకొకరైతే మసి అనుకునేవారు. ఆమె అనుకోలేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆ గ్రీజును చొక్కా కాలర్ల మీంచీ, తలగడ గలీబుల మీంచీ, పిల్లల బుగ్గల మీంచీ వదిలిస్తూనే ఉంది. వాసన చూడకుండానే చెప్పగలదు అది ఎవరి వేలో.

డబ్బాలో గుడ్డపీలిక, పీలికలో నాలుగు పిన్నులు. నూనె రాసి, పసిపిల్లల్ని చుట్టినట్టు జాగ్రత్తగా చుట్టి ఉన్నాయి.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది ఆమె, వెనక అలికిడి విని. "నేను పట్టాను."

అచ్చులాయన గుమ్మంలో తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆగిపోయాడు.

"తల్లి మీద ఒట్టు వేశారు."

"అమ్మ పోయి ఎన్నేళ్ళయింది? ఆవిడకిక పొయ్యేదేముంది?"

"నవ్వొస్తోందా మీకు?"

"లేదు." నిజంగానే అతను నవ్వలేదు. "ఆ స్థలం ఎవరి పేరున ఉందో పదిరోజుల క్రితం తెలిసింది. నా అచ్చులు పట్టుకెళ్ళి మీ వదిన షెడ్డులో బిగిస్తాననుకో. మర్నాడు ఆవిడ గేటుకు తాళం వేస్తే? అచ్చులు లోపల, నేను బయట. 'బావగారూ, ఇక మీరు జీతానికి రండి' అంటే ఏం చెయ్యను? నా దగ్గరున్నవి ఆ నాలుగు పిన్నులే."

అందులో తప్పేమీ కనిపించలేదు ఆమెకు. అదే బాధ.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీ అన్నయ్యకు చేరేది."

"నేను మీ పెళ్ళాన్నండీ!"

"అంతకంటే ముందు ఆయన చెల్లెలివి. ఆ స్థలానికి ఫోన్లో సరే అన్నప్పుడు నన్నడిగావా?"

అడగలేదు.  కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. పీట దిగి దాన్ని గట్టిగా కట్టింది. మాటలు వెతుక్కుంటూ కట్టిన కుళాయినే మళ్ళీ కట్టింది.

"సరే. దాచారు. తర్వాత? ఎన్నాళ్ళు దాస్తారు? శనివారం దాటితే సిరప్పు కంపెనీ పోతుంది. కార్ఖానా మూతపడుతుంది."

అచ్చులాయన తువ్వాలు మడత పెట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టాడు. అతను అలా చేస్తే కడుపులో ఇంకో మాట ఉందని అర్థం.

"చెప్పండి."

"సీసాల ఫ్యాక్టరీ ఆయన రమ్మంటున్నాడు. సీసాలతోపాటు మూతలూ తనే చేసుకుంటాడట. అచ్చులతో సహా వస్తే భాగం ఇస్తానన్నాడు."

"అచ్చులు కార్ఖానావి."

"చేసిన చేతులు నావి."

"ఆ ఉక్కు ఎవరి డబ్బుతో కొన్నారు?"

"స్థలం ఎవరి డబ్బుతో కొన్నారు?"

ఓరి భగవంతుడా, అనుకుంది చిట్టి. వాడు తాడిని తన్నేవాడైతే, వీడు వాడి తల తన్నేవాడు. దొందూ దొందే. ఈ ఇద్దరి మధ్య న్యాయం ఎటుందో అని రాత్రుళ్ళు నిద్ర లేకుండా దొర్లిన తనంత వెర్రిబాగులది ఇంకొకతె ఉండదు.

"మరి బల్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళో? నాన్న నాటినుంచీ ఉన్నవాళ్ళు?"

"చేతిలో పనుంది, ఎక్కడో దొరుకుతుంది వాళ్ళకు." అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. "నువ్వు ఇవాళ వద్దని చెయ్యి దించుకుని కూర్చో. అంతే చాలు. మిగతాది నేను చూసుకుంటాను. ఆ డబ్బా అక్కడే పెట్టేసెయ్."

ఆమె ఎత్తుపీట ఎక్కి డబ్బా మూత నొక్కి పై అరలో పెట్టింది. చొక్కా వేసుకోవడానికి అతను గదిలోకి వెళ్ళాడు. పిన్నులు డబ్బాలో లేవు. ఆమె కొంగు ముడిలో ఉన్నాయి.

*

కార్ఖానాలో ఇంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. మిషన్లు నడిచేటప్పుడు ఇక్కడ మాట వినబడాలంటే అరవాలి. ఇవాళ ఎవరో దగ్గితే ఆ చివరిదాకా వినబడుతోంది. అచ్చు బిగించే మిషను ఇంకా లోపలే ఉంది. బయట లారీలో ఒక మిషను ఎక్కించి, రెండోదాన్ని సగంలో వదిలేశారు. దాని కింద దుంగలు పెట్టి, డ్రైవరు నీడలో పడుకుని నిద్రపోతున్నాడు.

మధ్యలో బల్ల. రేకు తాపడం చేసిన పొడుగాటి బల్ల. దాని చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు మూతలు ఏరి, లెక్కపెట్టి, సంచుల్లో పోస్తారు. పెద్దాయన ఏ నిర్ణయమైనా ఈ బల్ల దగ్గరే చెయ్యాలనేవాడు. 'తలుపేసుకుని చెప్పుకునేది గుసగుస. నలుగురిలో చెప్పేది మాట' అని ఆయన లెక్క. ఆఫీసు గది కట్టుకున్నా అందులో ఎవరూ చెయ్యెత్తడానికి వీల్లేదు.

"రండి అమ్మాయిగారూ," అంటూ పెద్దక్క మూడో స్టూలు కొంగుతో తుడిచింది. ఆ బల్లకు ఆవిడే పెద్ద. "ఇన్నాళ్ళూ దీని మీద సంచులు పెట్టుకుంటున్నాం. ఏమీ అనుకోకండి."

"నేనే కదా రానిది," అంది చిట్టి.

అన్నయ్య ఎదురుగా కూర్చున్నాడు. అచ్చులాయన పక్కన కూర్చున్నాడు. వదిన గుమ్మం దగ్గరే నిలబడింది. ఆవిడకు ఇక్కడ చెయ్యి లేదు. కానీ అక్కడ స్థలమంతా ఆవిడదే.

"అందరికీ తెలిసిందే," అన్నాడు అన్నయ్య ఆడవాళ్ళ వైపు చూస్తూ. "ఇక్కడ వానొస్తే కారుతుంది, ఎండొస్తే కాలుతుంది. అక్కడ పెద్ద షెడ్డు. ఇంకో నాలుగు మిషన్లు పడతాయి. మనం పోవాలని నా మాట." చెయ్యెత్తాడు.

అచ్చులాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

అందరి కళ్ళూ మూడో స్టూలు మీదికి తిరిగాయి.  ఇటు లేపితే మొగుడు చస్తాడు, అటు దించితే అన్నయ్య. ఎటైనా కార్ఖానా ముక్కలే. పోకచెక్కకు అడకత్తెరలో ఎలా ఉంటుందో ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పగలదు.

"చెయ్యెత్తేముందు ఒక మాట," అంది.

కొంగు ముడి విప్పి పీలికను తీసింది. నాలుగు పిన్నులూ అరచేతిలో పెట్టుకుని అందరికీ కనిపించేట్టు చెయ్యి చాచింది. బల్ల చుట్టూ గుసగుస లేచింది.

"ఇవి ఎక్కడివని అడగకండి. మా ఇంట్లోవి."

అన్నయ్య ఒక్క నవ్వు నవ్వాడు. "చూశారా! తల్లి మీద ఒట్టేసిన పెద్దమనిషి!"

అచ్చులాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్య వైపు చూశాడు. ఆ చూపు ఆమె బతికున్నన్నాళ్ళూ మరిచిపోలేదు.

"నవ్వకు అన్నయ్యా. నీదీ ఉంది," అంది ఆమె.  "కొత్త షెడ్డు స్థలం వదిన పేరున ఉంది. కార్ఖానా డబ్బుతో కొన్నది. నేనే సరేనన్నాను, అడక్కుండా సరేనన్నాను, ఆ తప్పు నాది. దాన్ని ముందు కార్ఖానా పేరున మార్చు. ఏవండీ, మీరు అచ్చులు తీసుకుని ఆ సీసాల ఆయన దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు. ఇవి ఇప్పుడే అచ్చులో పెట్టండి, శనివారానికి మూతలు వెళ్ళాలి. ఈ రెండూ జరిగాక కొత్త షెడ్డుకు నా చెయ్యి లేస్తుంది. అప్పటిదాకా ఎవరికీ లేవదు."

"సీసాల ఆయనా?" అన్నాడు అన్నయ్య.

ఇక ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారని అందరూ అనుకున్నారు. పెద్దక్క అయితే బల్ల మీదున్న కత్తెర తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఏమీ కాలేదు. బావాబావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముప్ఫైమంది ఆడవాళ్ళు తమ వంకే చూస్తున్నారని ఇద్దరికీ ఒక్కసారే తెలిసొచ్చింది.

"నాన్న ఈ మూడో చెయ్యి పెట్టింది మమ్మల్ని కలపడానికి," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "నలుగురిలో మా పరువు తియ్యడానికి కాదు."

అచ్చులాయన తలెత్తాడు.

"బావా," అన్నాడు.

'గారు' లేదు. 

"మన సంగతి మనం మాట్లాడుకోవచ్చు బావా. మధ్యలో ఇంకొకరెందుకు?"

"అదే నేనూ అనుకుంటున్నాను బావా." అన్నయ్య గొంతులో ఎన్నాళ్ళకో పాత ఆప్యాయత వినిపించింది. "ఇకమీద ఈ బల్ల దగ్గర రెండు చేతులే. చిట్టి ముక్క మనిద్దరం చెరిసగం తీసుకుందాం. దాని వాటాకు ఏమొస్తుందో అది ఇచ్చేద్దాం."

అన్నయ్య చెయ్యి లేచింది. అచ్చులాయన చెయ్యి లేచింది. కలిసి లేచాయి. పెద్దాయన పోయాక ఆ రెండు చేతులూ ఒకే మాటకు లేవడం అదే మొదలు.

"ఏ రెండు చేతులు లేస్తే అదే మాట," అన్నాడు అన్నయ్య. "నాన్న పద్ధతి."

"రేపు మీరిద్దరూ కొట్టుకుంటే?" అంది చిట్టి. "అప్పుడెవరు ఆపుతారు?"

"మేం చూసుకుంటాం."

"ఏవండీ, మీ కోసమే కదా... ఆ గేటు వేసేస్తారని మీరే కదా అన్నారు!"

అచ్చులాయన ఎత్తిన చెయ్యి దించలేదు. అతనికి ఇప్పుడు గేటు గుర్తు లేదు. భార్య తనను నలుగురిలో దొంగను చేసింది, అదొక్కటే గుర్తుంది.

గుమ్మం దగ్గర వదిన కొంగు సవరించుకుంది. "పెద్దాయన ఉండుంటే" అని ఎవరో అన్నారు. పక్కావిడ మోచేత్తో పొడిచింది.

"సరే, అయిపోయింది," అన్నాడు అన్నయ్య. "పిన్నులు బల్ల మీద పెట్టు చిట్టీ. బావ మిషను తిప్పుతాడు."

ఆ పిన్నులు బల్ల మీద పెడదామనే ఆమె ఇంటినుంచి తెచ్చింది. దారి పొడుగునా అదే అనుకుంది. ఇప్పుడవి ఆమె అరచేతిలో వెచ్చబడ్డాయి. చేతికి నూనె అంటుకుంది. అది తన భర్త చేతి వాసన. వేళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. పిడికిలి బల్ల మీంచి ఒళ్ళోకి దిగింది, కొంగు కిందికి వెళ్ళిపోయింది. పొద్దున ఆ ఒట్టు అతని నోట అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అనుకుంది. తేలికే.

"ఏ పిన్నులు అన్నయ్యా?" అంది.

అన్నయ్య నోరు తెరుచుకుంది. అచ్చులాయన స్టూలు మీంచి లేచాడు. ఇద్దరూ కలిసి పెద్దక్క వైపు తిరిగారు. "నువ్వు చూశావు కదా? అందరూ చూశారు కదా?"

పెద్దక్క తల ఎత్తలేదు. వేళ్ళతో బల్ల మీద జరుపుతూ, పెదాలు కదుపుతూ, మూతలు లెక్కపెట్టుకుంటోంది. పక్కావిడ కూడా మొదలుపెట్టింది. ఆ పక్కావిడ కూడా.

రెండు రోజులుగా మిషను ఆగి ఉంది. బల్ల మీద ఒక్క మూత కూడా లేదు.